బ్రేకు పక్కనున్న అంకె

రోజూ సాయంత్రం ఒమేనా చేపలు వేయించిన మూకుడు కడిగేసి, తడిచేతులు నడుముకు చుట్టుకున్న గుడ్డకే తుడుచుకుని, అకోత్ మొగుడి కుర్చీ వెనక నిలబడేది. ఒదేరో పగలంతా కిసుము నుంచి లువాండాకి మతాతు వ్యాను నడిపేవాడు. ఇంటికొచ్చాక కంప్యూటర్ ఆటలో అదే వ్యానును, అదే రోడ్డునూ తయారుచేసేవాడు. ఆ వ్యాను ఎలా నడవాలో చెప్పే స్క్రిప్ట్ ఫైలులో ఎన్ని బ్రాకెట్లు తెరిస్తే అన్ని మూయాలి. ఒక్కటి తప్పినా వ్యాను కదలదు. అది చూసిపెట్టడం అకోత్ పని. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయినా, గిన్నెలకు మూతలు వెతికినట్టు వెతికేది.

ఇప్పుడా కుర్చీలో తనే కూర్చుంటోంది. ఒదేరో పోయి మూడు నెలలు. మసేనో దిగుడులో వ్యాను కాలవలో పడింది. కునుకు తీసి ఉంటాడని యజమాని ఒముగా ఊరందరికీ చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం మరిది ఒచుకా వచ్చాడు. ఉగాలీ ముద్ద నోట్లో ఉండగానే మొదలుపెట్టాడు.

"వదినా, అన్న చేసిన ఆట మా స్టేజీలో డ్రైవర్లందరూ ఆడుతున్నారు. మసేనో దిగుడుకొచ్చేసరికి మాత్రం బండి ఆగి చావదు. ముగ్గురం ఆడితే ముగ్గురమూ కాలవలోనే!"

"మీ చేతులే వంకర."

"నా చేతులు బంగారం! రేపట్నుంచి ఒముగా నాకే ఇస్తున్నాడు, అన్న బండే. కాలవలోంచి తీయించి, రంగేసి ఎంత ముద్దుగా చేశాడనుకున్నావ్!" జేబులోని తాళంచెవి తీసి ఆడించాడు. "అన్న ఫైల్లో ఎక్కడో పొరపాటు చేశాడు. బ్రేకు అంకె వంద చేసి, బ్రాకెట్లు చూసిపెట్టు. సాయంత్రం అందరికీ పంపిస్తా."

అకోత్ ఫైలు తెరిచింది. బ్రేకు పక్కన నలభై ఉంది. ఒదేరో పొరపాటున నలభై వేస్తాడా? ఫైలు ముట్టుకునే ముందు తేదీ వేసి పాతదాన్ని దాచుకోవడం అతని అలవాటు. అవన్నీ ఒక్కొక్కటిగా తెరిచింది. జనవరిలో వంద, అంటే పూర్తి పట్టు. తర్వాత ఎనభై అయిదు. ఆపైన అరవై.

ప్రతి అంకె కిందా రెండు గీతలతో మొదలయ్యే మాటలున్నాయి. ఆ గీతలున్న వరుసను యంత్రం చదవదు, అది మనుషుల కోసం. వాటిలో బ్రాకెట్లుండవు గనక అకోత్ కళ్ళు ఎప్పుడూ దాటిపోయేవి. అతనూ ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

ఈ వారం పెడల్ మెత్తగా దిగుతోంది. ఒముగాకి చెప్పాను.

మూడుసార్లు తొక్కితేగాని పట్టలేదు. పండగ వెళ్ళాక చూద్దామన్నాడు.

చివరిది అతను పోవడానికి ముందురోజుది. ఇవాళ బండి ఇలా ఉంది. మళ్ళీ చెప్పాను.

అకోత్ కుర్చీలోనే వెనక్కి తిరిగింది.

"ఒచుకా, రంగేశాడన్నావు. బ్రేకులు ఎవరు చూశారు?"

"చూసే ఉంటార్లే వదినా."

"ఎవరు?"

నమలడం ఆగింది.

"నువ్వు తొక్కి చూశావా?"

"చూశా. కాస్త మెత్తగా... పాత బండి కదా, అంతేలే అనుకున్నా."

"ఇటొచ్చి చదువు."

ఒచుకా నిలబడే చదివాడు. పళ్ళెంలో ఉగాలీ గట్టిపడిపోయింది. ఇంతలో బల్ల మీద అతని ఫోను మోగింది. ఒముగా. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉండగానే ఆగిపోయి, మళ్ళీ మోగింది.

"తెల్లారి అయిదింటికల్లా బండి తియ్యమన్నాడు వదినా."

"తీస్తావా?"

అతను తాళంచెవిని పళ్ళెం పక్కన పెట్టాడు. చేతికి పాము తగిలినట్టు వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"మరి ఆ అంకె?"

"అలాగే పంపు, అందరికీ. ఆ గీతల పక్కన మాటలు కూడా చదవమను."

ఫోను మూడోసారి మోగింది. అకోత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నలభైని వంద చెయ్యలేదు.