ఊచల అవతల దోరమామిడి

దక్షిణాఫ్రికాలో తొలిసారి అందరూ ఓటేసిన ఏడాది మేం డర్బన్ వచ్చాం. అక్కడ డిసెంబరంటే మండువేసవి. దొంగల భయమని మా ఆయన ఇనుప తలుపుకు బయట తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ జేబులో వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లేవారు.

పక్కింటి మామిడికొమ్మ మా వంటింటి కిటికీ దాకా వచ్చేది. ఒకరోజు ఆ దోరకాయల వాసనకు ఆగలేక ఊచల మధ్య నుంచి చెయ్యి చాచాను. కాయ తెంపానుగానీ మోచెయ్యి ఇరుక్కుపోయింది. లాగేకొద్దీ వాచింది. "అమ్మో, ఎవరైనా రండి!" అని ఏడుపందుకున్నాను.

పక్కింటి ముసలావిడ కిటికీ కిందికి పరుగెత్తుకొచ్చింది. "ఏయ్ పిల్లా, లాగమాక! వెయిట్, నూనె తెస్తా," అంది. ఆవిడ తాతలు చెరకుతోటల పనికొచ్చిన తెలుగువాళ్లని అప్పుడే తెలిసింది.

మోచేతికి నూనె పట్టించి, ఆ కాయే కోసి, ఉప్పూకారం అద్ది నా నోటికందించింది. "తిను. భయం పోతాది."

పుల్లటి రసం గొంతు దిగుతుండగా చెయ్యి జారి లోపలికొచ్చింది. నేను మాత్రం ఇంకా లోపలే ఉన్నాను.

"కీ ఏదీ?" అందావిడ.

"ఆయన దగ్గర."

"ఇంట్లో ఫైర్ వస్తే?"

సాయంత్రం ఆయన రాగానే వాచిన చేత్తోనే తాళంచెవి లాక్కున్నాను.

ఇప్పటికీ దోరమామిడి వాసనొస్తే నోరూరేకన్నా ముందు నా చెయ్యి కొంగున కట్టిన తాళంచెవిని తడుముకుంటుంది.