బాయిలరుకి పట్టిన తియ్యటి తుప్పు

ఒసే పద్మా, ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా రేపట్నించి నా టీలో పంచదార వెయ్యకు. డాక్టరు ఎలాగూ వద్దన్నాడనుకో, అది వేరే సంగతి. ఒట్టు ఒట్టే. మీ నాయనమ్మ ఇంగ్లండు వెళ్లిన మూడో వారంలోనే ఒక దొరసానిని దిండుకి అతికించేసి, పెట్టె సర్దుకునేదాకా తెచ్చుకుంది!

యాభైల్లో మాట. చోడవరం నించి ఆడపిల్ల ఓడెక్కి చదువుకి వెళ్తాదంటే మాటలా? నన్ను సాగనంపడానికి అనకాపల్లి స్టేషనుకి నలభై ఎడ్లబళ్లు వచ్చేయి. సరే, నాలుగు. నేను వెళ్లింది ఏం చదవడానికో తెలుసా? పంచదార శాస్త్రం! చెరకు రసం ఎంత వేడికి ఏమవుతాది, ఎంత తేమకి ఏమవుతాది, అదంతా. మా నాన్న గోవాడ దగ్గర చెరకు రైతు, బెల్లం వండడంలో మొనగాడు. రైలు కిటికీ దగ్గర నించొని రెండిచ్చేడు. చేతికి మూడు వీశెల బెల్లం దిమ్మ, చెవికి ఓ హెచ్చరిక.

"నీ మీద ఒక్క కంప్లయింటు ఉత్తరం వచ్చిందా, మర్నాడే వెనక్కి రప్పించేస్తాను. రోలుగుంట బావ తయారుగా ఉన్నాడు."

రోలుగుంట బావంటే మా మేనత్త కొడుకు. మంచోడే పాపం. కానీ నేను మాటాడుతుంటే నిద్రపోయేవాడు.

అక్కడ నాకు గది ఇచ్చినావిడ మిసెస్ పెర్కిన్స్. తాటిచెట్టంత మనిషి, గొంతు విప్పితే గానుగ కిర్రుమన్నట్టుండేది. నెల్రోజులు ట్రయలన్నాది. నచ్చితే ఉంచుతాదట, లేకపోతే మా నాన్నకి ఉత్తరం రాసి పంపించేస్తాదట. ఆవిడ మాటాడింది ఇంగ్లీషే, నీకోసం మన భాషలోకి దింపుతన్నాను.

ఆ ఊళ్లో ఏడాదికి నాలుగొందల రోజులు వాన. గోడలు చెమ్మ, పక్క చెమ్మ, నా జడ చెమ్మ. రోజూ లెక్చర్లనించి వణుక్కుంటూ వచ్చి, ఓ బెల్లం ముక్క గిల్లి నోట్లో వేసుకుంటేగానీ నాకు ప్రాణం లేచొచ్చేది కాదు. అలాంటి దిమ్మకి మూడో వారానికి చెమటలు పట్టి జిగురు కారడం మొదలైంది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. వానాకాలం మనిళ్లల్లో బెల్లం ఎక్కడ పెడతారు? పొయ్యికి పైన, అటక మీద. ఆ సెగకి పొడిగా ఉంటాది. దొరసాని ఇంట్లో అటక లేదు గానీ, మేడ మీద వేణ్ణీళ్ల బాయిలరున్న అలమార ఒకటుంది. తలుపు తీస్తే వెచ్చగా మన వంటిల్లే! దిమ్మని గుడ్డలో చుట్టి పై అరలో పెట్టేసి, "నువ్వు సైంటిస్టువే!" అని నన్ను నేనే మెచ్చుకుని కాలేజీకి పోయేను. ఆ రోజు లెక్చరు దేని గురించి? చక్కెర తేమ పీల్చుకుని కరిగిపోవడం గురించి. మొదటి బెంచీలో కూచుని తెగ రాసుకున్నాను కూడాను.

కింద అరలో ఏటుందో చూసేనా? చూళ్లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్లు, దిండు గలీబులు! ఎండ లేని దేశం కదా, ఉతికిన గుడ్డలన్నీ అక్కడే ఆరబెట్టుకుంటారు.

రెండ్రోజులకి, పొద్దున్నే టిఫిను బల్ల దగ్గర కూచున్నాను. మిసెస్ పెర్కిన్స్ మెట్లు దిగుతోంది. ఆవిడతోపాటు దిండూ దిగుతోంది! చెంపకి అతుక్కుపోయింది, గలీబు నిండా తుప్పు రంగు మరకలు. పట్టుకుని లాగేను. టర్రుమని ఊడొచ్చిన ఆ చప్పుడుకి వీధిలో పాలబండి గుర్రం బెదిరి, పక్క జిల్లాకి పారిపోయింది.

"నా బాయిలరు తుప్పట్టి కారిపోతన్నాది! ఇన్నేళ్లలో ఒక్క బొట్టు కారలేదు!" అని లబోదిబోమన్నాది.

తుప్పేటి, అది నా బెల్లమే! చెప్పేద్దామా? చెప్తే ఉత్తరం. ఉత్తరమంటే ఓడ. ఓడంటే బావ. నోరు మూసుకున్నాను. నా జన్మలో అది ఒక్కసారే.

ప్లంబరు వచ్చేడు. చీపురుకట్టంత మీసాలు. అలమారలో తల దూర్చి గొట్టాలన్నీ తట్టి, "లాభం లేదమ్మగారూ. కొత్తది వెయ్యాలి, గోడ కొట్టాలి" అని సుత్తి ఎత్తేడు. నా ఒక్క దిమ్మకోసం ఇల్లు కూల్చేస్తన్నారే! అంతలో పైనించి ఓ చుక్క ఆయన మీసం మీద పడింది. నాలిక బయటికొచ్చింది. ఆగేడు. మళ్లీ నాకేడు.

"మిసెస్ పెర్కిన్స్, నా సర్వీసులో ఇంత రుచైన తుప్పు చూళ్లేదు!"

ఇద్దరూ నాకేసి తిరిగేరు.

"అది... మా నాన్న వండేడు" అన్నాను, ముక్కు ఎగబీలుస్తూ.

దొరసాని దిమ్మ దింపుకుని కిందకి పట్టుకుపోయింది. కాసేపటికి కలం, కాయితం తెచ్చి, "మీ నాన్న అడ్రసు చెప్పు" అన్నాది. చెప్పేను. చెప్పి, పైకెళ్లి పెట్టె సర్దేసుకున్నాను. ఆ పెట్టెలోంచే చీరలు తీసి కట్టుకుంటూ, మళ్లీ పెట్టెలోనే పెట్టుకుంటూ, నాన్న ఉత్తరం కోసం ఎదురుచూసేను.

వచ్చింది.

"దొరసాని ఉత్తరం హెడ్మాస్టరుగారి చేత చదివించుకున్నాను. దుప్పట్లు ఉడకబెడితే మరక పోయిందట. మిగిలిన బెల్లం ఆవిడా, ప్లంబరూ టీలో వేసుకుని ఊదేసేరట. ఇంకో రెండు దిమ్మలు కావాలట, పంపిస్తన్నాను. నువ్వు మాత్రం రావద్దు. మీ అమ్మ పెట్టేది పొయ్యికి నిలువెత్తు పైన, నువ్వు పెట్టింది బాయిలరు నెత్తి మీద. చెరకు రైతు కూతురివై, పంచదార శాస్త్రం చదువుతూ, బెల్లం కరుగుతాదని తెలీదటే? చదువు అవసరం నీకున్నంతగా ఈ జిల్లాలో ఇంకోర్తికి లేదు. పూర్తిగా చదువుకునే రా."

చదివేను. పట్టా పుచ్చుకుని వచ్చేను. వచ్చి ఆ రోలుగుంట బావనే చేసుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదే, నిద్రపోయేవాడైతే నా మాటకి అడ్డు రాడు కదా! అదిగో, ఇప్పుడూ అక్కడ కుర్చీలో కునుకు... ఏడే మీ తాతయ్య? స్నానానికెళ్లేడా? తెల్ల లాల్చీ పట్టుకునా? గీజరు కూడా వేసేడా?

ఒసే పద్మా, టీ తరవాత తాగుదువుగాని, పరిగెత్తవే! ఈ ముసురుకి చెమ్మెక్కుతాదని బెల్లం దిమ్మ ఆ గీజరు మీదే పెట్టేను!