అప్పడి మనవరాలు

మారిషస్ ఇంకా ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఉన్న రోజులు. మా విమానం సాయంత్రం దాకా కదలదని చెప్పడంతో, నేనూ మావారూ టాక్సీ మాట్లాడుకుని మహేబోర్గ్ దాటి వెళ్ళాం. డచ్చివాళ్ళు ఎప్పుడో కట్టి వదిలేసిన రాతిగోడలు అక్కడున్నాయట.

గోడ మొదట్లో ఒక ముసలామె ఆవులకి గడ్డి కోస్తోంది. "ఏవండీ, ఎండ మండిపోతోంది, ఇలా నీడలోకి రండి" అని నేను మావారితో అనగానే ఆమె కొడవలి ఆగిపోయింది.

"అమ్మా, తెలుగు?" అంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మో గ్రాంపేర్... మా తాత, అప్పడు. ఓడలో వచ్చాడు, చెరుకు పని. అప్పడు ఇల్లు నీకు తెలుసు?"

"ఏ ఊరమ్మా?"

"సింహాద్రి అప్పన్న కొండ కనిపిస్తాది, ఆ ఊరు."

"మీ ఇంటిపేరు?"

"అప్పడు."

తోట దొరలు తాత పేరునే ఇంటిల్లిపాదికీ ఇంటిపేరుగా రాసేశారట.

మాది విశాఖపట్నమే. ఆ కొండ కనిపించే ఊళ్ళు ఎన్నని? ఒక్కో ఊళ్ళో వీధికో అప్పడు. అవతల టాక్సీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఆమె చెయ్యి వదల్లేదు. "మేం ఉన్నాం అని చెప్పు. అప్పన్నకి దీపం పెడతాం, ఆపలేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పు, అమ్మా."

ఇప్పటికీ సింహాచలం మెట్ల మీద ఎవరైనా "ఒరే అప్పడూ!" అని కేకేస్తే నలుగురైదుగురు వెనక్కి తిరుగుతారు. వాళ్ళతోపాటు నేనూ ఆగిపోతాను. ఎవరికని చెప్పను?