ఖతీఫ్ ద్రాక్షతోటకు గురువారం బస్సు

2003 జనవరిలో అల్ ఖోబర్‌లోని అల్ అజీజియా ప్రాంతంలో, విదేశీ ఇంజనీర్ల కుటుంబాలు నివసించే ఒక కాంపౌండ్‌లో నేను బస్సు డ్రైవర్‌గా చేరాను. 2007 వేసవి నాటికి అదే కాంపౌండ్‌లో గురువారం యాత్రలకు గైడ్‌గా కూడా పనిచేస్తున్నాను. మొదటి పనికి కాగితం ఉంది. రెండో పనికి లేదు. నేను చెప్పబోయేదంతా ఆ కాగితం చుట్టూ తిరిగిన సంగతి.

సౌదీలో బయటివాడికి ఇఖామా అనే నివాస పర్మిట్ ఉంటుంది. అందులో వృత్తి ఏమిటో రాసే గడి ఒకటి ఉంటుంది. ఇంజనీర్, డాక్టర్, అకౌంటెంట్ లాంటి మాట ఉంటే భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి వీసా అడగవచ్చు. నా గడిలో డ్రైవర్ అని ఉండేది. అక్కడి వాడుకలో సవ్వాగ్ అంటారు. సవ్వాగ్‌కు కుటుంబ వీసా లేదు. అతను ఎన్ని పుస్తకాలు చదివినా లేదు.

నేను పుస్తకాలు చదివినవాణ్ణి. బడి మధ్యలోనే ఆగిపోయింది కానీ మెట్‌పల్లి శాఖా గ్రంథాలయంలో బీరువాలు తాళం వేసే దాకా కూర్చునేవాణ్ణి. కాంపౌండ్ క్లబ్‌హౌస్‌లో ఒక చిన్న లైబ్రరీ గది ఉండేది. తెల్లవాళ్లు అక్కడికి డిటెక్టివ్ నవలల కోసం వచ్చేవారు. నేను బస్సు పక్కన పెట్టి, నిఘంటువు ముందేసుకుని ఆ తీరం చరిత్ర చదివాను. తారూత్ ద్వీపం చివరన ఉన్న దారీన్ రేవులో ఒకప్పుడు మన దేశపు కస్తూరి దిగేదని, అక్కడి ముత్యాలు బొంబాయి వర్తకుల చేతుల మీదుగా హైదరాబాదు నవాబుల మెడల్లోకి వెళ్లేవని అలాగే తెలుసుకున్నాను. ఒకరోజు షాపింగ్ బస్సు నడుపుతూ ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబుగా ఇదంతా చెప్పాను. రిక్రియేషన్ సూపర్‌వైజర్ మిస్టర్ హార్వీ చెవిన పడింది. ఆయన నాకు మైకు ఇచ్చాడు.

ఆయన నోటీసుబోర్డు మీద పెట్టిన మొదటి ప్రకటన నాకు గుర్తుంది. "పల్లెలు, సముద్రతీరం, వైన్ కంట్రీ: ఒక రోజు యాత్ర" అని ఇంగ్లిష్‌లో. చుక్క మద్యం దొరికితే జైలుకు పంపే దేశంలో ఆ మాట వాళ్లకు సరదా. మధ్యాహ్నానికి సెక్యూరిటీ వాళ్లు వచ్చి చింపేశారు. "ద్రాక్షతోటలు" అని మార్చి మళ్లీ అంటించారు. బస్సులో మాత్రం అందరూ పాత పేరే వాడారు.

యాత్రకు ఒక పద్ధతి ఉండేది. వారాంతం గురు, శుక్రవారాలు కాబట్టి గురువారం పొద్దున్నే బయల్దేరేవాళ్లం. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, దిగిన ప్రతి చోటా మళ్లీ లెక్కపెట్టాలి. స్త్రీలు బస్సు దిగే ముందు ఒళ్లంతా కప్పే నల్ల అబాయా వేసుకోవాలి. ఆయిల్ గొట్టాలు, చెక్‌పోస్టులు కనిపించే దారిలో కెమెరాలు సంచుల్లో ఉండాలి. మొదట ఖతీఫ్‌లో గురువారం అంగడి, తర్వాత చేపల మార్కెట్, తారూత్ పాత కోట, దారీన్ తీరం. అన్నిటికంటే ముఖ్యం నమాజు వేళ. మధ్యాహ్నం నమాజుకు దుకాణాల షట్టర్లు పడిపోతాయి, గుంపు ఎండలో నిలబడిపోతుంది. అందుకని ఆ వేళకు బస్సు ఖతీఫ్ దాటి ఒక పల్లెలో, హాజీ తోటలో ఉండేలా నడిపేవాణ్ణి.

హాజీ అని ఊరంతా పిలిచే ఆ పెద్దాయన తోట ఖర్జూర చెట్ల నీడలో ఉండేది. చెట్ల మధ్య పందిళ్లు, పందిళ్లకు ద్రాక్ష. పూర్వం ఆ పల్లెలకు ఊటబావుల నీళ్లు పారేవి. నేను వెళ్లేనాటికి ఊటలు ఎండిపోయాయి. ఆయన బోరు వేసి డీజిల్ పంపుతో తడిపేవాడు. ఖర్జూరం ధర డీజిల్‌కు చాలడం లేదని, మీ బస్సు కొనే ద్రాక్షే పంపును తిప్పుతోందని ఒకసారి తనే చెప్పాడు. మేము వెళ్లగానే కాఫీ పోసేవాడు. చిన్న పిడి లేని కప్పు. చాలు అనుకుంటే కప్పును రెండుసార్లు ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఇది నేను బస్సులోనే అందరికీ నేర్పేవాణ్ణి.

మొదటి యాత్రలోనే దారీన్ గురించి నేను చెబుతున్నది ఆయన విన్నాడు. పక్కకు పిలిచి, మా తాత పడవ మీద ముత్యాల వేటకు వెళ్లినవాడు, అతని సంగతులు నీకు ఎవరు చెప్పారు అని అరబీలో అడిగాడు. పుస్తకాలు అన్నాను. ఆ రోజు నుంచి నన్ను ఉస్తాద్ అని పిలిచాడు. పంతులుగారు అన్నంత గౌరవం ఆ మాటలో ఉంది. ఆ దేశంలో నన్ను అలా పిలిచిన మనిషి ఇంకొకడు లేడు.

2007 మే నెలలో హార్వీ నాకు ఒక మాట ఇచ్చాడు. ఈ వేసవి యాత్రలు సజావుగా ముగిస్తే నా వృత్తి టూర్ కోఆర్డినేటర్‌గా మార్చమని ఇఖామాలు చూసే జవాజాత్ కార్యాలయానికి కాగితం పంపిస్తానని. గడిలో మాట మారితే రాజవ్వను తెచ్చుకోవచ్చు. రాజవ్వ నా భార్య. పెళ్లయిన ఏడాదికే నేను గల్ఫ్ ఎక్కాను. ఆమె మెట్‌పల్లిలో బీడీలు చుట్టేది. ఫోన్‌లో ఈ కబురు చెప్పగానే ఆమె నమ్మలేదు.

"తెల్లదొరల పెండ్లాలను ఊర్లు దిప్పుతున్నవ్. నన్ను మెట్‌పల్లి అంగడికి సుత దీస్కపోకపోతివి" అంది.

"ఈసారి సముద్రమే సూపిస్త" అన్నాను.

"సూత్తం తియ్. బీడీ గంప గూడ దెచ్చుకోనా, ఆడ ఆకు దొరుకుతదా?" అని నవ్వింది. అంటే నమ్మడం మొదలుపెట్టిందన్నమాట.

జూన్ వచ్చేసరికి పెట్టెలు పెరిగాయి. మొదట్లో ఒక్కో కుటుంబం ఒక పెట్టె కొనేది. తర్వాత బస్సు వెనుక సీట్లన్నీ ద్రాక్ష పెట్టెలే. నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. నా గదిలో ఉండే గంగారాం కాంపౌండ్‌లో ఏసీ మెకానిక్, ఆర్మూరు వాడు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి మంచం మీద పడి నవ్వసాగాడు.

"గైడ్ సాబ్, మీ హాజీ ద్రాక్షలు మస్తు ఉషారున్నయే. ఏసీ జూడ బోతే బాత్‌రూమ్‌ల డ్రమ్ములు, పైన గొట్టాలు. గుబగుబ ఉడుకుతున్నయ్. ఒక్క విల్లా గాదు, ఆ లైన్ లైనంత."

ఎవరికీ తెలియదా అని అడిగాను. "ఎవ్వలకు తెల్వదే? గేటు కాడి సిపాయికి ఎర్కే, హార్వీకి ఎర్కే. మొదటి గ్లాసు ఆయినదే" అన్నాడు.

నాకు నిద్ర పట్టనంత పెద్ద సంగతి ఏమీ కాదు. కాంపౌండ్‌లలో వైన్ చేసుకోవడం పాత ముచ్చటే. కానీ హాజీ తోటకు ఒక గోడ అవతలే ఆ ఊరి మాతం మందిరం, షియాలు శోకసభలు జరుపుకునే చోటు, ఉంది. మొహర్రంలో ఆయనే ముందు నిలబడి శోకగీతాలు చదువుతాడు. నన్ను ఉస్తాద్ అని పిలిచి కాఫీ పోసే మనిషిని, ఆయన పంటతోనే ఆయన ధర్మం చెడేలా ఎవరో వాడుకుంటుంటే, ఆ మోసంలో నా బస్సు భాగం కాకూడదనుకున్నాను. పుస్తకాలు చదివినవాడు చేయవలసిన పని ఇదేనని కూడా అనుకున్నాను.

మరుసటి గురువారం అతిథులు ఖర్జూర చెట్ల కింద తిరుగుతుండగా ఆయన ఒక్కడే పెట్టెలకు తాడు కడుతున్నాడు. పక్కన కూర్చుని నాకు వచ్చిన అరబీలో చెప్పాను. హాజీ, ఇవి తినడానికి కాదు, పులియబెట్టి మద్యం చేసుకుంటున్నారు అని.

ఆయన చేతులు ఆగాయి. తర్వాత ఆయన ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. అప్పటిదాకా ఆయనకు ఆ భాష వచ్చని నాకు తెలియదు.

"నా వయసంతా ఆయిల్ కంపెనీ క్యాంపులో పంపులు బాగుచేశాను. వాళ్ల వంటగదుల వెనక ఏముంటుందో నువ్వు పుట్టకముందు చూశాను."

మరి తెలిసీ అమ్ముతున్నారా అని అడిగాను.

"నాకు ఏం తెలుసు? ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పండు అమ్మాను. తర్వాతిది వాళ్లకూ దేవుడికీ మధ్య సంగతి. ఇప్పుడు నువ్వు చెప్పావు, నా చెవితో విన్నాను. ఇక ఒక్క గుత్తి అమ్మినా ఆ డ్రమ్ములో నా చెయ్యి ఉన్నట్టే." తాడు ముడి విప్పేస్తూ అడిగాడు. "ఎందుకు చెప్పావు, ఉస్తాద్?"

మీ ఇంట్లో కాఫీ తాగినవాణ్ణి, దాచడం ధర్మం కాదనిపించింది అన్నాను.

"నీ మనసు తేలిక చేసుకున్నావు" అన్నాడు. "నా పంపు ఎవరు తిప్పుతారు?"

అతిథులు పందిరి కిందికి వచ్చారు. ఈ రోజు అమ్మకం లేదని ఆయన వాళ్లకు మర్యాదగా చెప్పాడు. మేమేమైనా తప్పు చేశామా అని ఒకామె అడిగితే, లేదు మేడమ్, మీరు నా అతిథులు అన్నాడు. ఎప్పటిలాగే అందరికీ కాఫీ పోశాడు, వాళ్లు కప్పు ఊపేదాకా పోశాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కసారి పోసి, నేను కప్పు ఊపకముందే నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ మరుసటి వారం మేము వెళ్లేసరికి తోట గేటుకు తాళం ఉంది. లోపల పంపు చప్పుడు లేదు. మధ్యాహ్నం నమాజు వేళ, చుట్టూ దుకాణాలు మూసి ఉన్నాయి. బస్సు ఏసీ నడుపుతూ రోడ్డు పక్కన కూర్చున్నాం. వైన్ కంట్రీ మూతపడిందని వెనుక సీటులో ఎవరో జోక్ చేశారు.

హార్వీ నన్ను ఆఫీసుకు పిలిచాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అరవలేదు. నీ పని ద్రాక్షను చూపించడం, దాని భవిష్యత్తు చెప్పడం కాదు అన్నాడు. ఈ మాట తోట దాటి ఊళ్లోకి వెళితే ఎవరెవరి ఉద్యోగాలు పోతాయో తెలుసా అని అడిగాడు. నాకు తెలుసు. ఆయన ఉద్యోగం పోదని కూడా తెలుసు. యాత్రలు ఆపేశారు. మైకు తిరిగి ఇచ్చేశాను. నా కాగితం జవాజాత్‌కు వెళ్లలేదు.

విల్లాల వాళ్లకు ఏ నష్టమూ కలగలేదు. సూపర్‌మార్కెట్‌లో ద్రాక్షరసం సీసాలు దొరుకుతాయి. కాకపోతే రుచి కొంచెం తక్కువట. ఆ సీసాల కోసం వాళ్లను షాపింగ్ బస్సులో తీసుకువెళ్లింది నేనే. బరువైన సంచులు ఎక్కించడానికి చెయ్యి కూడా సాయం పట్టాను.

గంగారాంకు చెబితే అతను ఒక్క ప్రశ్నే వేశాడు. "అడిగిండా హాజీ?"

లేదన్నాను.

"మరి ఎందుకు జెప్పినవే? అడగనోనికి జెప్పుడు ఏ పుస్తకంల ఉన్నది?"

రాజవ్వకు ఫోన్ చేసి వీసా సంగతి ఇప్పట్లో లేదని చెప్పాను. కారణం కూడా చెప్పాను. "ఆయన తోట ఆయనది, వాళ్ల కల్లు వాళ్లది. నడుమ నీకేమైంది?" అంది. తర్వాత, "బీడీ గంప కొత్తది కొన్న తియ్, ఈడనే పనికొస్తది" అని పెట్టేసింది. ఆ తర్వాత సముద్రం మాట ఆమె ఎత్తలేదు.

మరుసటి ఏడాది వేసవిలో కాంపౌండ్ వంటవాళ్ల కోసం చేపలు కొనడానికి ఖతీఫ్ గురువారం అంగడికి వెళ్లాను. ఒక మూల తట్టలో హాజీ నిమ్మకాయలు అమ్ముతున్నాడు. సలాం చెప్పాను. బాగానే జవాబిచ్చాడు, ఇంట్లో అందరూ క్షేమమా అని అడిగాడు. పందిళ్లు ఎలా ఉన్నాయన్నాను. తీగలు నరికేశానని, నీళ్లు ఖర్జూరానికే చాలడం లేదని అన్నాడు. ఇంతలో నా బస్సు వెనుక ఒక లారీ హారన్ కొట్టింది. దారికి అడ్డంగా ఆపి ఉన్నాను.

"బండి తియ్యి, సవ్వాగ్" అన్నాడు హాజీ. అందులో కోపం లేదు. అంగడిలో ఎవరైనా ఏ డ్రైవర్‌నైనా పిలిచే మాటే.

2014లో అదే వృత్తితో, ఇక తిరిగి వెళ్లేది లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వచ్చాను. గైడ్ పని నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లు ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇది చెబుతాను. దారులు, కోటలు, నమాజు వేళలు పుస్తకాల్లో, మ్యాపుల్లో దొరుకుతాయి, చదువుకోండి. ఆ తోటలో నేను కూర్చున్న ప్రతి గురువారం హాజీ ఈ ద్రాక్ష ఏం చేస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడాన్ని నేను తెలియకపోవడం అనుకున్నాను. నేను చెప్పినది నిజమే. ఆ నిజం అక్కడ ఎవరికీ కొత్త కాదు. దానివల్ల ఒక తోటకు నీళ్లు ఆగిపోయాయి, నా ఇఖామాలో ఒక మాట మారకుండా ఉండిపోయింది. తాగినవాళ్లు తాగుతూనే ఉన్నారు.