నీళ్లుండాల, సామానుండాల

మా జగన్నాధం బావ నీళ్లూ సామానూ లేకుండా వీధి గుమ్మం దాటడు. పక్కింటికి పేపరు చదవడానికి వెళ్లినా చేతిలో నీళ్ల సీసా, జేబులో స్క్రూడ్రైవరు ఉండాల్సిందే. "పక్కింట్లో నీళ్లుండవా బావా?" అని అడిగితే, "ఉంటాయిరా గోపీ. మన కాడా ఉండాల," అంటాడు. పెళ్లి భోజనానికి వెళ్తూ జాకీ పట్టుకెళ్లిన మనిషిని నేను ఈయన్నొక్కణ్నే చూశాను. మా అక్క చిన్నతల్లి ఆ రోజు ఆయన పక్కన కూర్చోలేదు.

ఇప్పుడాయన సాలూరులో రెండు లారీలకు యజమాని. అంతకుముందు ఇరవయ్యేళ్లు ఒడిశా ఘాట్ మీద స్వయంగా లారీ తోలాడు. ఆ కొండ మలుపుల్లో బండి ఆగిపోతే కొట్టూ ఉండదు, మెకానిక్కూ ఉండడు. కాబట్టి లారీలో సగం సరుకు, సగం సామాను వేసుకుని తిరిగేవాడు. లారీ దిగినా ఆ అలవాటు ఆయన్ని దిగలేదు.

యాభై దాటాక షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. మా బావ నడిచాడా? సైకిలు కొన్నాడు. అది మామూలు సైకిలైనా బాగుండేది. విశాఖలో ఎవరో అమ్ముతుంటే ట్రయథ్లాన్ సైకిలు తెచ్చాడు. ట్రయథ్లాన్ అంటే సముద్రంలో ఈత, ఆ వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు, మూడూ ఒకే పూట. ఎదురు డబ్బులిచ్చి ఇంత హింస ఎందుకు కొనుక్కుంటారో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

ఆ సైకిలు గాలిని కోసుకుంటూ పోవడానికి చేసింది. ఒక్క వేలితో ఎత్తొచ్చు. మా బావ చేతిలో పడ్డాక దాన్ని ఎత్తబోయి నాకు నడుం పట్టేసింది. హ్యాండిలు మధ్య ఒక సీసా, సీటు వెనక రెండు, కింద గొట్టానికి రెండు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో ఉప్పు మజ్జిగ, ఒకదాంట్లో రాగిపిండితో కాచిన చోడంబలి, మిగతా రెండింట్లో మళ్లీ నీళ్లు. అంబలికి సీసా మూతి పూడుకుపోతుందని చీపురు పుల్ల ఒకటి. సీటు కింద, గొట్టం మీద సంచులు. వాటిలో ట్యూబులు, పంపు, పానాలు, చెయిన్ లింకులు, టేపు, ఖాళీ బిస్కెట్ ప్యాకెట్ కాగితాలు. అన్నిటికంటే ముందు నిమ్మకాయా మిరపకాయలూ.

"కాగితాలెందుకు బావా?"

"టైరు సిరిగితే లోపల మడతెట్టడానికి. ఉండాల."

ఏటా భోగాపురం దగ్గర బీచిలో జరిగే పోటీకి వరసగా రెండేళ్లు వెళ్లాడు. రెండేళ్లూ సైకిలు తొక్కుడు గడువు లోపల ముగించలేక ఇంటికొచ్చేశాడు. ఏమైందని అడిగితే, "దారిలో పని పడినాది," అనేవాడు. సైకిలు పోటీలో దారిలో పనేమిటండీ? బరువు లాగలేక చతికిలబడ్డాడని సాలూరంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

మూడో ఏడాది అక్క తేల్చి చెప్పేసింది. "ఇదే ఆఖరు. ఈసారి మెడలో పతకం లేకుండా వస్తే ఆ సైకిల్ని పెరట్లో నిలబెట్టి బీరపాదు ఎక్కించీస్తాను. తాడు కూడా కొనీసినాను, సూడు!" నిజంగానే నైలాన్ తాడు చుట్ట తెచ్చి సైకిలు పక్కనే పెట్టింది. మా అక్క మాటంటే మాటే. బావ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. సైకిల్ని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

పోటీ నాడు నేను వాలంటీరుని. పచ్చ జాకెట్టు వేసి, ఎర్రజెండా ఇచ్చి నన్ను వంతెన దగ్గర నిలబెట్టారు. సైకిలు దారి ముగియడానికి అక్కణ్నుంచి ఇంకో మూడు కిలోమీటర్లు. నేనైతే ఎవరికీ చెయ్యి సాయం చేయకూడదు. చేస్తే ఆ మనిషి పోటీలోంచి అవుటు. పోటీలో ఉన్నవాళ్లు మాత్రం ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు. మా బావ ఈతకు కూడా నడుముకి సీసా కట్టుకోబోయాడట. "చుట్టూ నీళ్లే కదా అంకుల్," అన్నాడట పక్కనున్న పృథ్వీరాజ్ అనే విశాఖ కుర్రాడు. "ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయేటి?" అన్నాడట మా బావ. సైకిళ్ల దగ్గర కూడా ఆ కుర్రాడు ఊరుకోలేదు. "కిరాణా కొట్టు బాగుంది అంకుల్!" అని వెళ్లాడట.

ఆ పృథ్వీరాజే నా వంతెన దగ్గర, నా కళ్లెదుటే, ట్యూబు చీలిపోయి ఆగిపోయాడు. బరువు తగ్గించుకోవడానికి ట్యూబు కాదు కదా, పంపు కూడా తెచ్చుకోలేదు మహానుభావుడు. తలపట్టుకుని కూర్చున్నాడు.

అంతలో దూరంగా సీసాల గలగల వినిపించింది. మా బావ! గడువుకింకా పావుగంటకు పైనే ఉంది. గెలిచేశాం అనుకున్నాను. కుర్రాణ్ని చూసి ఆయన చెయ్యి బ్రేకు మీదికి పోతోంది.

"ఆగకు బావా! నీకు పుణ్యముంటాది, ఆగకు! బీరపాదు గుర్తుంచుకో!"

ఆగాడు. రోడ్డు అంచుకి దింపి మరీ ఆగాడు. "ఏటైనాది తమ్ముడూ? ట్యూబా? ఉండాల, ఉండాల," అంటూ సంచిలో వెతికి ఒకటి తీసిచ్చాడు. చక్రం బిగించాడు. గాలి కొట్టాడు. అంబలి కూడా తాగించాడు. కుర్రాడు దణ్నం పెట్టి పిట్టలా ఎగిరిపోయాడు.

బావ సైకిలెక్కి రెండు తొక్కులు తొక్కాడో లేదో, బుస్సుమంది. రోడ్డు అంచున గాజుపెంకు. టైరు తెగింది, ట్యూబు అతుకు వెయ్యడానికి కూడా లేకుండా చీలింది. నేను జెండా నేలకేసి కొట్టాను. "ఏం పర్లేదు, నీ దగ్గర లేనిదేముంది? తియ్యి, ఇంకో ట్యూబు తియ్యి!"

సంచులు బోర్లించాడు. నాలుగు ట్యూబులు పడ్డాయి. ఒక్కటీ ముట్టుకోలేదు.

"ఏం బావా?"

"నా సైజుది ఒక్కటే ఉన్నాదిరా. ఆ గుంటడికిచ్చీసినాను."

"మరి ఇవి?"

"ఇది స్కూలుకెల్లే గుంటల సైకిలుకి. ఇది పాలోల్ల సైకిలుకి. ఇయి రెండూ సిన్న సక్రాలకి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ సైకిలుకి పట్టనివి నువ్వెందుకయ్యా మోస్తున్నావు?"

మా బావ నన్ను వింతగా చూశాడు. "రోడ్డు మీద నా సైకిలొక్కటే తిరుగుతాదేటిరా? ఘాట్ లో ఆగిన బండిని దాటొచ్చినోడికి సాలూరులో టీ కూడా పొయ్యరు."

రెండేళ్లూ దారిలో పడిన పనేమిటో నాకప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? పంపు పట్టుకుని నిలబడ్డ బావ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. పోటీలోంచి అవుటైనవాళ్ల కోసం పక్కనే వాలంటీరు బండిలో ట్యూబులుండి కూడా ఇవ్వలేని నా జాకెట్టుని చూస్తే ఇంకా ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చారు లక్ష్మీకామేశ్వరి గారు. విజయనగరంలో వయొలిన్ నేర్పుతారు. ఎప్పుడూ అందరికంటే వెనకే వస్తారు. మమ్మల్ని చూసి బ్రేకు వేశారు.

"ఏమయింది జగన్నాధం గారూ? ట్యూబేనా?" అంటూ సీటు కింది నుంచి చుట్ట తీసి చేతిలో పెట్టారు. "మీ సైజే. పోయినేడాది నా చక్రం బాగుచేస్తూ మీకు గడువు దాటిపోయింది కదా. అప్పట్నుంచి మీకని ఒకటి మోస్తున్నాను. నా సైకిలుకిది పట్టదు."

నేనుండబట్టలేక అడిగాను. "మరి మీ సైజుది తెచ్చుకున్నారా అమ్మా?"

"నాకెందుకండీ? అది జగన్నాధం గారి దగ్గరుంటుంది కదా!"

బావ చేతులు ఆడుతుంటే చూడాలి! టైరు లోపల బిస్కెట్ కాగితం మడత పెట్టి, ట్యూబు దూర్చి, గాలి కొట్టేశాడు. నాకు కంగారు. "ఆ సీసాల్లో నీళ్లయినా పారబొయ్ బావా, బరువు తగ్గుతాది!"

"నీళ్లు పారబోస్తాడేటిరా ఎవడైనా?" అని మిగిలినవన్నీ గటగటా తాగేసి సైకిలెక్కాడు. బరువు సైకిలు మీంచి పొట్టలోకి మారింది, అంతే. ఆ మాట చెప్పే తీరిక లేదు.

"బేగెల్లు బావా! బేగి!" నేను అరుస్తూనే ఉన్నాను. ఆమె వెనక, ఆయన ముందు, ఖాళీ సీసాలు భజన బృందంలా మోగుతున్నాయి. నా పని ఇంకొకరికి అప్పగించి మోటారు సైకిలు మీద ఊళ్లోంచి అడ్డదారిన బీచికి పడ్డాను. నేను చేరేసరికి ఒకాయన గడియారం చూస్తూ తాడు అడ్డం కట్టబోతున్నాడు. ఆ తాడు కింద నుంచి మా బావ తల వంచి దూరాడు. వెనకాలే లక్ష్మీకామేశ్వరి గారూ దూరారు. గడువు లోపలే! నేను ఎగిరిన ఎగురుడికి పచ్చ జాకెట్టు చంకలో చిరిగింది.

పరుగులో మా బావ ఆఖరివాడు. అయితే ఏం? పృథ్వీరాజ్ తన పరుగైపోయినా ఇంటికెళ్లకుండా ముగింపు గీత దగ్గర నిలబడి, "అంకుల్! అంకుల్!" అని గొంతు పోయేలా అరిచాడు. జనమంతా అందుకున్నారు. మొదటొచ్చినవాడికి కూడా అన్ని చప్పట్లు పడలేదు. పతకం మెడలో పడగానే బావ అక్క కోసం వెతికాడు.

అక్క చేసంచితో వచ్చింది. పతకాన్ని చేత్తో తిప్పి చూసింది. సంచిలోంచి నైలాన్ తాడు చుట్ట తీసింది.

"ఇంకా తాడెందుకే? పతకం వచ్చినాది కదా!" అని బావ బెదిరిపోయాడు.

అక్క మళ్లీ సంచిలో చెయ్యి పెట్టి, లారీ టార్పాలిన్ తో కుట్టిన కొత్త సంచి తీసింది. సైకిలు వెనక పెట్టి ఆ తాడుతోనే గట్టిగా బిగించింది.

"ఆ పాత సంచిలో గుంటల ట్యూబులు రెండు పట్టట్లేదని గొణుగుతన్నావు కదా. దీన్లో నాలుగు పడతాయి."

"నీకు తెలుసా?" అన్నాం నేనూ బావా ఒకేసారి.

"రెండేళ్లుగా నీ ట్యూబులు ఎక్కడికి పోతన్నాయో నాకు తెలవదేటి?"

"మరి బీరపాదో?" అన్నాడు బావ, ఇంకా నమ్మకం కుదరక.

"దానికి వెదురు కర్రలు సాలు," అంది అక్క. కొత్త సంచి జేబులోకి ఒక నీళ్ల సీసా దూర్చి, మా ఇద్దరికేసి చూసి, బావ గొంతుతోనే అంది.

"ఉండాల."