ఎల్డన్ కుచెరా తెంచిన సీలు

మా అన్నయ్య ఎల్డన్ ముప్ఫై నాలుగేళ్ళుగా లారీ నడుపుతున్నాడు. ఈ ముప్ఫై నాలుగేళ్ళలో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపినా, మా వదిన డెలోరిస్ ఒక్క ఆదివారం మాట్లాడే మాటలకు చాలవు. అలాంటి మనిషి మీద షికాగో బ్రోకరొకడు రిపోర్టు రాసి పెట్టాడు. మూడే ముక్కలు. "డ్రైవరు దారిలో లారీ తలుపుకి వేసిన సీలు తెంచాడు. సరుకు తీసుకోకుండా తిప్పి పంపారు. కారణం అడిగితే చెప్పలేదు." మొదటి రెండూ చదివి ఒళ్ళు మండింది. మూడోది చదివాక మాత్రం, అవును, ఇది మా అన్నయ్యే అనుకున్నాను.

మా ఊరు ఆగలాలాలో మా షెడ్డు తలుపు మీద 'కుచెరా అండ్ సన్' అని మా నాన్న రాయించాడు. ఆ సన్ లారీ నడుపుతాడు. ఫోన్లు, కాగితాలు, లోడ్లు వెతకడం, బ్రోకర్లతో పోట్లాట, ఇవన్నీ ఇరవై ఆరేళ్ళుగా నావి. తలుపుకి రంగు వేయించినప్పుడల్లా "ఈసారైనా మార్వా అని నా పేరూ రాయించు అన్నయ్యా" అంటాను. "చూద్దాం" అంటాడు. నాలుగుసార్లు రంగు వేయించాం.

మాకు లోడ్లిచ్చేది బ్రోకర్లు. ఏ లారీవాడు ఎలాంటివాడో వాళ్ళు చూసుకునే వెబ్‌సైటు ఒకటుంది. అందులో మా పేరు పక్కన ఈ మూడు ముక్కలు పడ్డాయి. ఆ మర్నాటి నుంచి నేను ఫోన్ చేయడం, అవతలివాళ్ళు కీబోర్డు టకటకలాడించడం, "సారీ అండీ, ఆ లోడు ఇప్పుడే వెళ్ళిపోయింది". ఏడు వారాలు ఇదే తంతు. మాకున్న రెండు లారీలూ షెడ్డు ముందు కదలకుండా పడున్నాయి. ఎదురింటి పిల్లి ఎర్ర లారీ కింద కాపురం పెట్టింది.

రిపోర్టు రాసిన కుర్రాడి పేరు కోల్టన్. ఫోన్ చేశాను.

"ఆ రిపోర్టు తీసెయ్ బాబూ."

"కారణం చెప్తే చూస్తాం మేడమ్. అది చంటిపిల్లలు తినే సరుకు. సీలు తెగితే ఎవరూ ముట్టుకోరు."

"మా అన్నయ్య దొంగ కాదయ్యా!"

"దొంగ అని నేను రాయలేదు మేడమ్. కారణం చెప్పలేదని రాశాను."

ఛ, మర్యాదగా నిజం చెప్పేవాడితో పోట్లాడటమంత దరిద్రం ఇంకోటి లేదు. అభ్యంతరం ఉంటే రాసుకోమని ఆ రిపోర్టు కిందే ఒక గడి ఇచ్చారు. ఐదొందల అక్షరాలు దాటకూడదట. నాకున్న కోపానికి అందులో తిట్లకే చోటు చాలదు. సరే, కోపం పక్కన పెట్టి కారణమే రాద్దామంటే, ఆ కారణం నాకూ తెలియదు.

"ఎందుకు తెంచావు అన్నయ్యా?"

"అవసరమైంది."

"ఏం అవసరం?"

"తెంచాను కదా, అయిపోయింది."

అరిచాను. బతిమాలాను. వదిన చేత అడిగించాను, ఆవిడ అడగడం మొదలుపెట్టి వాళ్ళక్క కూతురి పెళ్ళి దాకా వెళ్ళిపోయింది. మా అన్నయ్య అంతా విని, బూట్లు తుడుచుకుని పడుకున్నాడు.

ఎనిమిదో వారం ఇక లాభం లేదని ఎర్ర లారీని అమ్మకానికి పెట్టాను. నార్త్ ప్లాట్ ఊరి నుంచి ఒకాయన చూడ్డానికొచ్చాడు. వంగి టైర్లు నొక్కి చూస్తున్నాడు. అన్నయ్య ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని చిల్లీ మాంసం కూర తింటున్నాడు, పక్కనే ప్లేటులో దాల్చినచెక్క వేసిన తీపి రోల్. ఆ రోల్ ఎత్తి, మళ్ళీ ప్లేట్లో పెట్టేశాడు. మా అమ్మ పోయిన రోజు తప్ప అతను రోల్ వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

"ఆ రోజు రాలిన్స్ ఊరి దగ్గర ఈదురుగాలికి రోడ్డు మూసేశారు" అన్నాడు, చిల్లీ గిన్నెతో చెప్తున్నట్టు. "బండి పక్కన పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి వెనకనుంచి చప్పుడైంది. మూడుసార్లు కొట్టి ఆగింది. మళ్ళీ మూడుసార్లు."

నేను నోరు మూసుకున్నాను. అది నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

"దిగి వెళ్ళి నేనూ మూడుసార్లు కొట్టాను. లోపల్నుంచి మూడుసార్లు కొట్టారు."

"అమ్మో! మనిషా?"

"అనే అనుకున్నాను. బయట చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. ఫోనుకి సిగ్నలు లేదు. దొంగచాటుగా సరిహద్దు దాటొచ్చినవాళ్ళేమో, ఇంగ్లీషు రాదేమోనని, నమస్తేకి బదులు 'ఓలా' అని అరిచాను. నాకు స్పానిష్‌లో అదొక్కటే వచ్చు. కటింగు ప్లయరు తెచ్చి సీలు తెంచాను."

"లోపల ఎవరున్నారు?"

గిన్నెలో చెంచా తిప్పాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి.

"సరుకు జారకుండా అడ్డం బిగిస్తామే, ఇనప కడ్డీ. అది ఊడిపోయింది. గాలికి బండి ఊగుతుంటే తలుపుకి కొట్టుకుంటోంది."

"అంతేనా? ఈ మాట చెప్పడానికి ఏడు వారాలా! ఇందులో దాచడానికేముంది?"

"నేను తలుపు తీసేటప్పుడు..." ఆగాడు. "చేతిలో దుప్పటి ఉంది. ఫ్లాస్కు కూడా."

"కడ్డీకి కాఫీ పట్టుకెళ్ళావా అన్నయ్యా?"

"పట్టుకెళ్ళాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అవి రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక, బయటికెళ్ళి నార్త్ ప్లాట్ ఆయన్ని పంపించేశాను. తర్వాత కూర్చుని అంతా రాశాను. ఓలాతో, దుప్పటితో, ఫ్లాస్కుతో సహా. నాలుగొందల తొంభై ఆరు అక్షరాలొచ్చాయి. అన్నయ్య ఫ్లాస్కు తీసెయ్యమన్నాడు. తియ్యలేదు.

కోల్టన్ చదివి ఫోన్ చేశాడు. "బాగా రాశారు మేడమ్. కానీ లోపల ఎవరూ లేరు కదా. లేనప్పుడు సీలు తెంచడం తప్పే అవుతుంది. తీసెయ్యలేను." మళ్ళీ మర్యాదగానే.

నేను రాసింది ఎలాగో ఊళ్ళో పాకింది, ఊరు ఊరుకుంటుందా? హైవే హోటల్లో అన్నయ్య అడుగుపెడితే చాలు, డ్రైవర్లంతా బల్లల మీద టక్ టక్ టక్. "ఎల్డన్, నా డిక్కీలో జాకీ చలికి వణుకుతోంది, ఓ కప్పు కాఫీ పొయ్యవయ్యా!" అతను టోపీ కిందికి లాక్కుని తన తిండి తను తినేవాడు. ఇందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదన్నమాట. వాళ్ళ నోళ్ళు పడ! చెప్పించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత చేసినా ఒక్క లోడూ రాలేదు.

రెండు వారాలు పోయాక స్పోకేన్ నుంచి ఒక బ్రోకరావిడ ఫోన్ చేసింది. ఇంగ్రిడ్ అట, గొంతు కరుకు. "మీ మీద రిపోర్టు చూశాను" అంది. నేను మామూలుగా ఫోన్ పెట్టేయబోయాను.

"ఆగండమ్మా. కింద మీరు రాసిందీ చదివాను. ఒక్క మాట అడుగుతాను. లోపల కడ్డీయేనని ఇప్పుడు తెలిసింది కదా. నా సరుకు తోలుతుంటే మళ్ళీ అలాగే చప్పుడైతే, మీ అన్నయ్య సీలు తెంచుతాడా?"

తెంచుతాడంటే లోడు పోతుంది. తెంచడంటే అబద్ధం. పది వారాలైంది లారీ కదిలి. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అన్నయ్యని అడిగాను, కళ్ళతో మాత్రం 'తెంచనని చెప్పు, చచ్చి నీ కడుపున పుడతా' అని వేడుకుంటూ.

"తెంచుతాను" అన్నాడు.

"అన్నయ్యా! పది వారాల నుంచి ఆ రిపోర్టు మీద అభ్యంతరం చెప్పలేక చస్తున్నాను. ఇంకోటి పడితే?"

"లోపల మనిషి ఉండి, నేను తెరవకపోతే?" అన్నాడు. "ఆ రిపోర్టు మీద అభ్యంతరం ఎక్కడ రాస్తావు మార్వా?"

తీరా చూస్తే నా చెయ్యి ఫోను మీద సరిగ్గా అడ్డం లేదు. ఆవిడ అంతా వినేసింది.

"సోమవారం పొద్దున ఆరింటికి" అంది ఇంగ్రిడ్. "ఆపిల్స్. అడ్రసు రాసుకోండి."

ఆ తర్వాత ఆవిడే ఇంకో ఇద్దరు బ్రోకర్లకి మా నంబరిచ్చింది. పిల్లి కాపురం మార్చేసింది. రిపోర్టు ఇప్పటికీ అక్కడే ఉంది, మూడు ముక్కలూ, వాటి కింద నా నాలుగొందల తొంభై ఆరు అక్షరాలూ. మొన్న కోల్టన్ ఫోన్ చేసి, రెండేళ్ళయింది కదా, అడిగితే రిపోర్టు తీసేస్తానన్నాడు. దానితో పాటు కింద మా జవాబు కూడా పోతుందట.

వద్దు, ఉండనీ బాబూ అన్నాను.