మందు లేని కట్టు

ఆస్పత్రిలో అందరికీ ఆయన కట్లాయన. ముప్పై ఒక్క ఏళ్ళుగా గాయాలకు కట్లు కట్టి కట్టి, అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది. పనిమంతుడే కానీ పరమ పీనాసి. చెంచాడు మందు సరిపోయే చోట చెంచాన్నర వెయ్యడు. వేసిన ప్రతి చుక్కా పుస్తకంలో రాస్తాడు.

"మీ సొంత ఆస్తి పంచుతున్నట్టు బాధపడతారేంటి బాబాయ్?" అని నర్సులు ఆటపట్టిస్తారు.

పోలీసు తుపాకీ పేలి ఎవరైనా పోతే, గంటలోపు ఒక కానిస్టేబులు ఆయన గదికి వచ్చి ఎడమ చెయ్యి చాపడం మామూలే. ఆ చేతి మీద గీత కూడా ఉండదు.

"కత్తిగాటు. మోచేతి కింద," అంటాడు వెంట వచ్చిన ఎస్సై.

పోయినవాడే ముందు కత్తి దూశాడనీ, ప్రాణం కాపాడుకోవడానికే కాల్చామనీ చెప్పుకోవడానికి ఆ కట్టు కావాలి. కట్లాయన నోరు మెదపకుండా కట్టేవాడు. మొదటిసారి ఆ రోజంతా అన్నం సయించలేదు. ఆరోసారికి సిగ్గుపడే ఓపిక కూడా పోయింది.

ఆ ఆరోసారి పోయినవాడు లారీ క్లీనరు. వాడి తల్లి కాళ్ళరిగేలా తిరిగి విచారణ వేయించింది. కట్లాయనకు పిలుపొచ్చింది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది.

"అడిగినదానికల్లా అవునండి అని వచ్చెయ్యండి. పింఛను ఆగిపోతే మనం ఎలా బతుకుతాం?" అంది భార్య. ఆవిడ భయంలో తప్పేమీ లేదు.

విచారణ గదిలో ఎస్సై ఒక పక్క, క్లీనరు తల్లి ఒక పక్క కూర్చున్నారు. ఆవిడ బొటనవేలు ఏదో పనిలో తెగినట్టుంది, పాతగుడ్డ చుట్టుకుంది. వదులుగా కట్టారే అని కట్లాయన మనసు అటే లాగింది.

విచారణాధికారి మందుల పుస్తకం తెరిచింది. "ఆ రోజు కానిస్టేబులు పేరున కట్టుగుడ్డ ఒక చుట్ట అని రాశారు. మందు దగ్గర సున్నా ఉంది. రాయడం మరిచిపోయారా?"

మరిచిపోయానంటే చాలు, పింఛను పదిలం. ఎస్సై ఆయన వైపే చూస్తున్నాడు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్క చుక్క కూడా రాయడం మరవలేదు. ఆయనకంటూ మిగిలిన గొప్ప అదొక్కటే.

"మరిచిపోలేదండి," అన్నాడు అలసటగా. "గాయం లేదు. లేని గాయానికి మందు వెయ్యలేదు."

అధికారి ఆ మాట రాసుకుంది. ఆయనే మళ్ళీ అన్నాడు.

"వెనక పేజీల్లో ఇలాంటివి ఇంకో అయిదున్నాయండి. వాటి గురించి ఎవరూ అడగలేదు."